స్వదేశి గులాబి - విదేశి గులాబి

వివాహమైనను సన్మానసభయైనను నేడు మన పట్టణములలో గులాబి లేనిదే జరుగదు. అయితే వేదికలను అలంకరించుచున్న పొడుగుకాడల గులాబీలలో పెక్కు హాలెండు, ఫ్రాన్సు, జర్మనీ దేశములవారు సృష్టించిన రకములు. మన నాటుగులాబి దండలకును, పన్నీటికిని పరిమితమైనది. ఈ రెంటిలో నేది మేలు?

విదేశి రకముల గుణములను దాచుట న్యాయము కాదు. కాడ పొడవు, మొగ్గ బిగువు, నీటనుంచినచో పలుదినములు వాడకుండుట వాని బలము. దూరపు సంతల కవియే తగినవి. నాటుగులాబి రేకులు ఒకటి రెండు దినములలోనే రాలిపోవును. కాని అది ఆరుబయట మన యెండకు తాళి పెరుగును, పరిమళము చిందించును. విదేశి గులాబికి పాలీహౌసు కావలయును, అధికమైన పెట్టుబడి కావలయును. ఇంతయు చేసినను వాసన స్వల్పమే.

అట్లని పుట్టినచోటును బట్టి పూవును తూచుట మా యభిమతము కాదు. 'గులాబి' యను పేరే పారసీకమునుండి వచ్చినది. మఱియు మణిపురపు కొండలలోను, బర్మా, చైనా దేశములందును పెరుగు రోజా జైగాంటియా యను అడవిగులాబి నేటి యూరపు గులాబీల పూర్వజులలో నొకటి. మన కొండపూవు సంతతియే పరదేశమున రూపు మార్చుకొని, వెల కట్టించుకొని మనయింటికి వచ్చుచున్నది! తప్పు పూవుది కాదు. దానిని పెంపు చేయక యూరకున్న మనది.

ఈ పని మనకు అసాధ్యమా? గోధుమ పరిశోధనలో ప్రఖ్యాతిగాంచిన బి.పి.పాల్ గారు ఢిల్లీలో అనేక నూతన గులాబీలను సృష్టించిరి. ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.యస్. అధికారిగా పనిచేసిన వీరరాఘవన్ గారు ఉద్యోగము వీడి, కొడైకెనాలులో నీ జైగాంటియాతోడను, ఉష్ణభూములకు తాళు క్లైనోఫిల్లాతోడను సంకరములు చేసిరి. వ్యక్తులు చేసిన పనిని సంస్థలు చేయలేవా?

2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము క్రొత్తరకమును సృష్టించినవానికి హక్కు నొసగినది. సృష్టింపనివాడు ఎల్లకాలము చెల్లించువాడుగనే యుండును. కావున వెంకటరామన్నగూడెము, ములుగులందలి ఉద్యానవిశ్వవిద్యాలయములు మన మైదానముల యెండకు తాళి, సువాసనయు నిలువయు గల గులాబిని సాధించుటకు పూనుకొనవలయును. భూస్వాములు తమ తోటలలో కొంత నేలను ఈ పరీక్షల కొసగవలయును. కొనువారు సైతము కాడ పొడవును మాత్రమే చూడక, ఒక్కసారి పూవును మూర్కొని చూచి వెల కట్టవలయును. వాసన నడుగువాడు లేనప్పుడు దానిని పండించువాడు ఎట్లు మిగులును?