మనాది వెనక మెదడు జబ్బు

నిజాంసాగర్ ఆయకట్టు పల్లెల్లో నలభై అయిదేళ్ల రైతు పొలానికి పోవడం మానేసి, పలకరిస్తే ముఖం తిప్పుకుంటే మనాది పెట్టుకున్నాడంటారు. అప్పు కావచ్చు, బిడ్డ పెళ్లి బెంగ కావచ్చు. చాలాసార్లు అదే నిజం. కానీ అతని తండ్రికి యాభై దాటకుండానే పక్షవాతం వచ్చి, మేనత్తకు మతి తప్పి, తనకూ ముప్పయ్యో ఏటి నుంచే కళ్ల ముందు మెరుపు గీతలతో ఒంటి తలనొప్పి వస్తుంటే, డాక్టరు మెదడు సంగతి కూడా చూడాలి.

వంశపారంపర్యంగా మెదడులోని సన్న రక్తనాళాలను దెబ్బతీసే జబ్బుల్లో ముఖ్యమైనది కాడసిల్. దీనికి నాచ్-3 జన్యువులోని మార్పే మూలమని 1996లో పారిస్ పరిశోధకులు తేల్చారు. చెడిన ప్రొటీన్ నాళాల గోడల్లో పేరుకుపోతుంది. నిజాంసాగర్ కింద సేద్యం చేసేవారికి తెలుసు, ప్రధాన కాలువ నిండుగా పారుతున్నా పిల్లకాలువలు పూడితే చివరి మడి ఎండుతుంది. మెదడులో అలా దెబ్బతినేది లోపలి తెల్ల పదార్థం. ఉత్సాహాన్నీ ఉద్వేగాలనూ నడిపే ముందు భాగానికి లోపలి కేంద్రాలతో సంబంధం దీని ద్వారానే.

అందుకే ఈ రోగుల కుంగుబాటును పక్షవాతం తెచ్చిన దిగులుగా మాత్రమే చూడకూడదు. కొందరిలో అది పక్షవాతం కన్నా ముందే వస్తుంది. ఉదాసీనత మరొకటి. 2009లో వెలువడిన ఓ అధ్యయనంలో దాదాపు నలభై శాతం రోగుల్లో అది కనిపించింది. ఏడుపూ దిగులూ లేకపోయినా, ఏ పనీ మొదలుపెట్టాలని అనిపించదు. ఇంట్లోవాళ్లు బద్ధకమని తిడతారు. జబ్బుకన్నా ఆ తిట్లే మనిషిని ఎక్కువ ఒంటరిని చేస్తాయని నా భయం.

కాడసిల్ మేనరికం తెచ్చే జబ్బు కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. దక్షిణాసియా మూలాలున్నవారిలో ఈ జన్యు మార్పులు ఎక్కువేనని అంతర్జాతీయ జన్యు సమాచారం చెబుతోంది. చాలామందిలో లక్షణాలు తేలికగానే ఉంటాయి. కాబట్టి మన దగ్గర ఉండదనుకోవడం తప్పు.

జన్యు సలహాకు హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. అక్కడిదాకా పోవాలంటే ముందు దగ్గర్లోని బాన్సువాడ దవాఖానలోనే ఎవరో ఒకరు తాతతండ్రుల జబ్బుల గురించి అడగాలి. మూల జబ్బును నయం చేసే మందు ఇంకా రాలేదు. పొగ మానడం, బీపీని అదుపులో ఉంచడం మేలు చేస్తాయి. కుంగుబాటుకు మాత్రం చికిత్స ఉంది. చావు ఆలోచనలు వస్తుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయాలి. లక్షణాలు లేని పిల్లలకు జన్యు పరీక్ష తొందర వద్దు. పద్దెనిమిదేళ్లు నిండాక, కౌన్సెలింగ్ తీసుకుని, చేయించుకోవాలో లేదో వాళ్లే తేల్చుకోవాలి.