గాటు చిన్నది... శిక్షణ పెద్దది

పిత్తాశయంలో రాళ్లకు శస్త్రచికిత్స అంటే ఒకప్పుడు పొట్టపై జానెడు కోత, ఆస్పత్రిలో వారం రోజులు, ఆపై నెలకు పైగా విశ్రాంతి తప్పేవి కావు. లాపరోస్కోపీ వచ్చాక నాలుగు చిన్న గాట్లతోనే పని పూర్తవుతోంది. రోగి ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరుతున్నాడు. ఈ విధానాన్ని మన దేశంలో పాదుకొల్పిన వారిలో ప్రథముడు ముంబయి శస్త్రవైద్యుడు డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా. 2006లో పద్మశ్రీ, 2017లో పద్మభూషణ్ అందుకున్న ఆయన 2023 జనవరిలో కన్నుమూశారు.

కూలీకే మేలు

1972లోనే ఉద్వాడియా ముంబయిలోని ప్రభుత్వ జె.జె. ఆస్పత్రిలో రోగ నిర్ధారణకు లాపరోస్కోపును వినియోగించారు. స్కానింగ్ సదుపాయం లేని రోజులవి. కడుపులో ఉన్నది క్షయో, కేన్సరో తేల్చుకోవడానికి పొట్ట కోయవలసి వచ్చేది. సన్నని గొట్టంతో లోపలికి చూడగలిగితే ఆ కోత తప్పుతుంది. 1985లో జర్మనీ వైద్యుడు ఎరిక్ మ్యూ ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించగా, 1990లో ఉద్వాడియా అదే జె.జె. ఆస్పత్రిలో దేశంలో తొలిసారిగా ఆ శస్త్రచికిత్స చేశారు.

పరికరాల వెలను మాత్రమే చూస్తే ఇది సంపన్నుల వైద్యమే అనిపిస్తుంది. వర్ధమాన దేశాల పేదలకే దీని అవసరం అధికమన్నది ఉద్వాడియా వాదన. ఉద్యోగికి సెలవులోనూ జీతం వస్తుంది. నెలన్నర మంచం పడితే కూలీ కుటుంబానికి అప్పే గతి.

తెరపై చూస్తూ...

అయితే ఈ మేలు వైద్యుని నైపుణ్యంపైనే ఆధారపడింది. అతడు అవయవాన్ని నేరుగా చూడడు. తెరపై బొమ్మను చూస్తాడు. లోతు సరిగా తెలియదు, స్పర్శ అందదు. చేయి కుడికి కదిపితే లోపలి మొన ఎడమకు కదులుతుంది. ఈ పద్ధతి వ్యాపించిన తొలి సంవత్సరాల్లో పలు దేశాల్లో పిత్తనాళానికి గాయాలు పాత పద్ధతిలో కంటే ఎక్కువగా నమోదయ్యాయి. అందుకే రోగిపై చేయి వేయక ముందు పెట్టె నమూనాలపై సాధన, ఆపై అనుభవజ్ఞుల పర్యవేక్షణ తప్పనిసరి. 1993లో ఏర్పడిన భారత జీర్ణకోశ ఎండోసర్జన్ల సంఘానికి ఉద్వాడియా వ్యవస్థాపక అధ్యక్షులు. ఆ సంఘం శస్త్రవైద్యులకు శిక్షణ తరగతులు నిర్వహిస్తోంది.

జిల్లా ఆస్పత్రికి పరికరాలు కొనిచ్చినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరదు. వాటిని వాడగల వైద్యుడు, మత్తు నిపుణుడు, మరమ్మతు చేసే సిబ్బంది ఉండాలి. ఇబ్బంది ఎదురైతే వెంటనే పొట్ట తెరిచి చికిత్స చేయగల ఏర్పాటూ ఉండాలి. అలా తెరవడం వైఫల్యం కాదు, వివేకం. ఇటువంటి శస్త్రచికిత్సలు ఎన్ని చేశారని వైద్యుణ్ణి ముందుగానే అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.