మన విడిది చెత్త మన బండిలోనే!

మేడారం జాతరకు తరలే కుటుంబాలకు, బండ్లు మాట్లాడే పెద్దమనుషులకు, యువజన సంఘాలకు, మహిళా సంఘాలకు విన్నపం



మేడారం పోయినవాళ్లం చాలామందిమి ఆ పూటకే తిరిగిరాం. ఊరంతా కలిసి పోతాం. చెట్టు కింద డేరా వేస్తాం. మూడు రాళ్ల పొయ్యి పెట్టి, కోడిని కోసి, ఎత్తు బంగారం (మన బరువుకు సరితూగే బెల్లం) అప్పజెప్పి, రెండు మూడు రాత్రులు అక్కడే ఉంటాం. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. శనివారం తల్లులు వనప్రవేశం చేస్తారు. మనమూ డేరాలు విప్పి బండెక్కుతాం.

మనం లేచిపోయిన ఆ జాగాను ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. పొయ్యి పక్కన కోడి ఈకలు, పేగులు. వాటి మీద మిగిలిన అన్నం. అన్నంలో కూరుకుపోయిన ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల సీసాలు, గుట్కా ప్యాకెట్లు. చెట్టు మొదట్లో పగిలిన మందు సీసా. ఒక్క విడిదిది ఈ సంగతి. జాతరకు కోటి మందికి పైగా వస్తారని అధికారులే అంచనా వేస్తున్నారు.

ఈ చెత్త ఎవరి నెత్తిన పడుతోంది? మనం డేరాలు వేసేది నార్లాపూర్, ఊరట్టం, రెడ్డిగూడెం, కొత్తూరు రైతుల పొలాల్లో. జాతర కోసం యాసంగి పంట మానుకుని వాళ్లు మనకు జాగా ఇస్తున్నారు. వానలు పడి దుక్కి దున్నితే మట్టి పెళ్లలతో పాటు గాజు పెంకులు పైకి లేస్తాయి. నాటు వేసే ఆడవాళ్ల కాళ్లు కోసుకునేది ఆ పెంకులతోనే. జంపన్న వాగు ఒడ్డున మనం పారేసినవి వరదకు కొట్టుకుపోయి గోదావరిలో కలుస్తాయి. పక్కనే ఏటూరునాగారం అభయారణ్యం. ఉప్పు, నూనె అంటిన కవరును జింకా వదలదు, ఊరి ఆవూ వదలదు.

‘సర్కారు ఉంది, సఫాయి వాళ్లున్నారు, వాళ్లే ఎత్తుతారు’ అనేవాళ్లున్నారు. సఫాయి కార్మికులు రాత్రీపగలూ ఎత్తుతూనే ఉన్నారు. కానీ పేగులు, అన్నం, గాజు, ప్లాస్టిక్ ఒక్క కుప్పలో కలిసి కుళ్లాక దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు. చేయి పెడితే తెగుతుంది. మూటగట్టి తీసుకుపోయి గుట్టగా పోయడం తప్ప మరో దారి ఉండదు. చెత్తను వేరు చేయడం సులువైన పని ఎప్పుడంటే, అది మన చేతిలో ఉన్నప్పుడే. ఆ క్షణం దాటితే సులువు కూడా దాటిపోతుంది. వంద మందికి మించి జనం చేరే కార్యక్రమం పెట్టినవాళ్లే చెత్తను వేరు చేసి అప్పజెప్పాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పింది అందుకే. మన విడిదిలో ఇరవై మందే ఉన్నా న్యాయం అదే.

అందుకని వచ్చే జాతరకు ప్రతి విడిదీ ఈ ఆరు పనులు చేయాలని కోరుతున్నాం.

1. బండి మాట్లాడిన రోజే విడిదికి ఒక చెత్త పెద్దను ఎంచుకోండి. ఎత్తే పని అందరిది, చూసే బాధ్యత ఆ ఒక్కరిది.

2. సామాన్లలో గడ్డపార, పార, నాలుగు ఖాళీ బస్తాలు వేసుకోండి. డేరా వేయకముందే మోకాలి లోతు గుంత తవ్వండి. వాగుకు, బావులకు, నల్లాలకు దూరంగా తవ్వండి.

3. ఈకలు, పేగులు, మిగిలిన అన్నం, కూర ఆ గుంతలోకే. వేసినప్పుడల్లా పైన మట్టి కప్పితే ఈగలు ముసరవు, కుక్కలు తోడవు. పోయేటప్పుడు గుంత పూడ్చండి.

4. మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు, నీళ్ల క్యాన్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలపై 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. లోపల మెరుపు పూత ఉన్న పేపరు ప్లేటులోనూ ప్లాస్టిక్ ఉంటుంది, అది మట్టిలో పూర్తిగా కలవదు.

5. గాజుకు ఒక బస్తా, ప్లాస్టిక్‌కు ఒక బస్తా. సీసా పగలగొట్టవద్దు. చెత్తకు నిప్పు పెట్టవద్దు, మాఘంలో అడవి నిండా ఎండుటాకులే. పొయ్యి మీద నీళ్లు పోసి ఆర్పాకే కదలండి.

6. డేరా విప్పాక అందరూ వరుసగా నిలబడి, విడిది ఈ చివర నుంచి ఆ చివరకు ఏరుకుంటూ నడవండి. బస్తాలు చెత్త కేంద్రంలో అప్పజెప్పండి. కేంద్రం దొరకకపోతే బండిలో వేసుకుని ఊరికి తెచ్చి, పంచాయతీ ట్రాక్టరుకు ఇవ్వండి. నిండు సీసాలు మోసుకొచ్చిన బండికి ఖాళీ సీసాలు బరువు కావు.

భక్తులు తలచుకుంటే ఇది జరుగుతుంది. శబరిమలలో 2011లో మొదలైన ‘పుణ్యం పూంకావనం’ శుభ్రతా కార్యక్రమంలో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములే చీపుర్లు పట్టి కొండ ఊడ్చారు. సేవ చేయడం కూడా మొక్కు తీర్చుకోవడమేనని వాళ్లు చూపించారు.

అధికారులను రెండు కోరుతున్నాం. డేరాలు పడే ప్రతి జాగాలో గాజుకు, ప్లాస్టిక్‌కు విడివిడిగా చెత్త కేంద్రాలు పెట్టండి. జాతరలో అమ్మే ప్రతి సీసా మీద పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి ఇవ్వండి. తమిళనాడులోని నీలగిరుల్లో మద్యం సీసాలకు 2022 నుంచి ఈ పద్ధతి పెట్టారు. పది రూపాయలు వస్తాయంటే పొలంలో సీసా మిగలదు.

సమ్మక్క సారలమ్మలకు విగ్రహాలు లేవు. కోయ పూజారులు తల్లిని కుంకుమ భరిణె రూపంలో గుట్ట నుంచి తెస్తారు, తిరిగి వనానికే సాగనంపుతారు. అమ్మ ఉండేది అడవిలోనే అని నమ్మే మనం, ఆ అడవికే చెత్త మిగిల్చి రావడం భక్తి అనిపించుకోదు.

జాతర దాకా ఆగకండి. ఈ నెల సంఘం మీటింగులోనే ఈ ఆరు పనులు చదివి వినిపించి, చెత్త పెద్ద పేరు తీర్మానం పుస్తకంలో రాయించండి. ఈ కరపత్రాన్ని పక్క ఊరికి పంపండి.

మన విడిది చెత్త — మన బండిలోనే!
అమ్మల అడవి — మన పూచీ!

ఇట్లు,
మేడారం పోయే సాటి భక్తులు