మరల పట్టిన కలం

దరఖాస్తు పత్రాలలో 'అభిరుచులు' అనే గడి ఒకటి ఉంటుంది. విద్యార్థులు అందులో 'పుస్తక పఠన'మనో, 'క్రికెట్టు' అనో వ్రాసి ముందుకు సాగిపోతారు. ఉద్యోగాలలో కుదురుకొన్న మావంటి వారికి ఆ గడి ఎదురు కానే కాదు. బాల్యంలో పలక నిండా బొమ్మలు గీసిన చేయి పదవ తరగతి నాటికి జవాబులు వ్రాసే చేయి మాత్రమే అవుతున్నది. మార్కులు రాని విద్యను ఎవరూ మాన్పించనక్కరలేదు, అదే మానిపోతుంది.

గత వేసవిలో మేము ఖత్తాతీ, అనగా ఉర్దూ సుందర లేఖనం, నేర్వగోరే ప్రారంభకుల కొరకు జరిగిన వారం రోజుల శిక్షణలో చేరాము. చిన్ననాట మక్తబులో తఖ్తీపై వ్రాసిన అలవాటు మాకుండేది. అది కళాశాల చదువుతో అడుగంటిపోయింది. మాతోపాటు చేరినవారిలో ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు గృహిణులు, ఒక మందుల దుకాణదారు ఉన్నారు. మొదటి రెండు రోజులూ అలిఫ్, బే తప్ప మరొక అక్షరం లేదు. నస్తాలీఖ్ లిపికి కొలబద్ద నుక్తా. ఏటవాలుగా చెక్కిన కలం మొనను కాగితంపై ఆనించి లాగితే పడే నలుపలకల చుక్క అది. అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. కలం వెడల్పు మారితే చుక్క మారుతుంది, చుక్కతోపాటు అక్షరమూ మారుతుంది, నిష్పత్తి మాత్రం చెదరదు. పద్యానికి గణాలవలె అక్షరానికి చుక్కలన్నమాట! మూడవ రోజున ఆ దుకాణదారు తన 'బే'ను వెలుతురుకు పట్టి చాలసేపు చూచుకొన్నారు. అది వంకరగానే ఉన్నది. ఆయన ముఖంలోని సంతోషంలో మాత్రం వంకర లేదు.

ఒకనాడు ఈ విద్య జీవనోపాధి. ఉర్దూ పత్రికల పుటలన్నీ కాతిబుల చేతివ్రాతలోనే అచ్చయ్యేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే యంత్రలిపి, 1990 దశకంలో ఇన్‌పేజ్ వచ్చిన పిమ్మట ఆ పీఠాలు ఖాళీ అయినాయి. యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. ఈ సంచికలోని ఉర్దూ భాగం కూడ కంప్యూటరుపై కూర్చినదే. కాని ఉపాధి పోయిన విద్య అభిరుచిగానైనా నిలవాలంటే కొద్దిమంది నిపుణులు చాలరు. వంకరగా వ్రాసేవారు పదిమంది కావాలి.

ఇది ఉర్దూ విద్యార్థుల వ్యవహారమని తెలుగువారు తప్పుకొనరాదు. కలం అనే మాట మన రెండు భాషలకూ సొంతమే. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు వస్త్రంపై గీసేది వెదురు కలంతోనే. బాపు (1933–2014) చేతివ్రాత అచ్చు అక్షరమై నేటికీ మన పుస్తకాల అట్టలపై కనిపిస్తున్నది.

కళాశాల సంఘంవారికి మా మనవి ఒక్కటే. సుందర లేఖనానికి పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చే ఆనవాయితీ మంచిదే. అయితే బహుమతి పొందేవారికి శిక్షణ అక్కరలేదు, శిక్షణ కావలసినవారు పోటీకి రారు. ఆ పోటీకి ముందు, మార్కులూ బహుమతులూ లేని తరగతి ఒకటి, వారానికి రెండు గంటలు, రెండు భాషలవారికీ కలిపి నడపవలసి ఉన్నది. అధ్యాపకులూ అందులో విద్యార్థులుగానే కూర్చుందురు గాక. గ్రంథాలయం వెనుక గది మధ్యాహ్నం మూడు దాటిన పిమ్మట ఖాళీగానే ఉంటుంది. చాపలు మా తెలుగు శాఖవారమే తెచ్చుకొంటాము.