కారుకే ఎందుకు? టైర్ ప్రెషర్ సెన్సార్లు ముందు ఆటోకి కావాలి

మొన్నటి మిరపకాయ కోతల సీజన్‌లో ఒక రోజు మా బాబాయ్ ఆటో రొంపిచెర్ల దాటిన కాసేపటికే ఎడమ పక్కకి ఒరగడం మొదలెట్టింది. టైమ్ ఉదయం ఆరు కూడా కాలేదు. వెనక కోతకూలీలు, వాళ్ళ అన్నం క్యారేజీలు, నీళ్ళ డబ్బాలు. బాబాయ్ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, మెల్లగా రోడ్డు దింపి ఆపాడు. దిగి చూస్తే వెనక ఎడమ టైర్‌లో గాలి లేదు. ట్యూబ్‌లో సర్కారు తుమ్మ ముల్లు. ముందు రోజు సాయంత్రం చేల దారిలో గుచ్చుకున్నట్టుంది, రాత్రంతా కొద్దికొద్దిగా దిగింది. పొద్దున కాలితో తన్ని చూసి "గట్టిగానే ఉంది" అనుకుని బయల్దేరాడు. గాలి తక్కువ మీద అంతమందితో నడవడంతో టైర్ పక్కగోడ కూడా చిరిగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ స్టెప్నీలోనూ గాలి లేదు! ఇంకో ఆటో దొరికి చేలోకి వెళ్ళేసరికి ఎండెక్కింది. కూలీలకి ఆ రోజు సగం కూలీ పోయింది, బాబాయ్‌కి టైర్, ట్యూబ్, రోజు కిరాయి పోయాయి. సాయంత్రం నన్ను చూసి ఒకటే మాట అన్నాడు: "ఏరా, ఫోన్లకి రివ్యూలు చెప్పింది చాల్లే, దీనికేదన్నా ఉందా?"

ఉంది. దాని పేరు టీపీఎంఎస్, అంటే టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్. మన దగ్గర దాన్ని కార్ల టాప్ వేరియంట్ ఫీచర్‌గానే చూస్తాం. నా ఒపీనియన్ ఏంటంటే, అది ముందు కావాల్సింది ఆటోకి.

ఆటోకే ముందు ఎందుకు?

ఈ టెక్నాలజీని చట్టంగా మార్చింది అమెరికా. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లలో ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ ఊడిపోయి, బండ్లు బోల్తా పడి చాలామంది చనిపోయాక 2000లో ట్రెడ్ యాక్ట్ తెచ్చారు. 2007 సెప్టెంబర్ నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లు, చిన్న ట్రక్కులన్నింటికీ టీపీఎంఎస్ తప్పనిసరైంది. యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నింటికీ వచ్చింది. మన దేశంలో 2020లో కేంద్రం, కారులో ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్, టీపీఎంఎస్ ఉంటే స్టెప్నీ లేకపోయినా పర్లేదని రూల్ మార్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: ఈ కథంతా మొదలైంది టైర్ పోతే బండి బోల్తా పడుతుందన్న భయంతోనే.

మరి బోల్తా పడే ఛాన్స్ ఎక్కువ ఉన్న బండి ఏది? ఆటో ఒక రకంగా మూడు చక్రాల స్కూటరే. 1948లో ఇటలీలో పియాజియో కంపెనీ తన వెస్పా స్కూటర్ మీదే మొదటి ఆపే బండిని కట్టింది. హ్యాండిల్, చిన్న చక్రాలు అక్కడి నుంచి వచ్చినవే. ముందు చక్రం ఒక్కటే, అది పోతే స్టీరింగ్ పోయినట్టే. వెనక ఒకటి పోతే బరువంతా ఆ మూలకి ఒరుగుతుంది. పైగా చక్రం చిన్నది. ఎనిమిది అంగుళాల రిమ్ ఉన్న ఆటో 40 కిలోమీటర్ల స్పీడ్‌లో పోతుంటే చక్రం నిమిషానికి 500 సార్లకు పైగా తిరుగుతుంది. అదే స్పీడ్‌లో మామూలు కారు చక్రం తిరిగేది సుమారు 350 సార్లే. గాలి తక్కువైన టైర్ తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. దానికి మన పల్నాడు ఎండ తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. వేసవిలో టెంపరేచర్ల వార్తల్లో ఫస్ట్ వినిపించే రెంటచింతల మన జిల్లాలోదే కదా.

ఏ కిట్ సూట్ అవుతుంది?

టీపీఎంఎస్‌లో రెండు రకాలు. ఒకటి, ఏబీఎస్ సెన్సార్లతో చక్రాల స్పీడ్ తేడా చూసి గాలి తగ్గిందని లెక్కగట్టేది. మన ఆటోల్లో ఏబీఎస్సే లేదు, కాబట్టి దాన్ని మర్చిపోండి. రెండోది, ప్రతి చక్రానికి సెన్సార్ పెట్టి నేరుగా కొలిచేది. ఇందులో టైర్ లోపల బిగించేవి ట్యూబ్‌లెస్‌కే పనికొస్తాయి. కొత్త ఆటోల్లో ట్యూబ్‌లెస్ వస్తున్నా, ఊళ్ళల్లో తిరిగేవాటిలో ఎక్కువ భాగం ట్యూబ్ టైర్లే. కాబట్టి మిగిలింది వాల్వ్ మీద మూతలా బిగించే క్యాప్ సెన్సార్.

అసలు సమస్య ఇక్కడే. బైక్ కిట్‌లో రెండు సెన్సార్లు వస్తాయి, కారు కిట్‌లో నాలుగు. మూడు సెన్సార్ల కిట్ కోసం ఎంత వెతికినా నాకు దొరకలేదు. చివరికి మూడు వేల లోపు కారు కిట్ తీసుకున్నా. నాలుగో సెన్సార్‌ని స్టెప్నీకి పెట్టా. నిజం చెప్పాలంటే ఈ సెటప్‌లో నాకు బాగా నచ్చింది అదే. అవసరానికి గాలి లేని స్టెప్నీ ఉండి ఏం లాభం?

సెట్టింగ్‌లో చిన్న మెలిక ఉంది. చాలా కిట్లలో ముందు జతకి ఒక లిమిట్, వెనక జతకి ఒక లిమిట్ ఇస్తారు. స్టెప్నీ ముందు జతలోకి వెళ్తుంది. ఆటోలో వెనక టైర్లకి గాలి ఎక్కువ కొడతాం కాబట్టి స్టెప్నీకీ వెనక ప్రెషరే కొట్టించి, ముందు జత హై లిమిట్‌ని దానికంటే పైన పెట్టండి. లేదంటే అలారం ఊరికే మోగుతూనే ఉంటుంది.

బ్లూటూత్‌తో ఫోన్ యాప్‌కి కనెక్టయ్యే సెన్సార్లు కూడా ఉన్నాయి, కానీ ఆటోకి నేను రికమెండ్ చేయను. ఎందుకో మీకు తెలుసు. మన బడ్జెట్ ఫోన్లలో బ్యాటరీ సేవర్ బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని ఎప్పుడు చంపేస్తుందో చెప్పలేం. యాప్ చచ్చిపోతే అలారం కూడా లేనట్టే. విడిగా చిన్న డిస్‌ప్లే ఉన్న కిట్ తీసుకోండి.

బిగించేటప్పుడు, బిగించాక

క్యాప్ సెన్సార్ వాల్వ్ పిన్‌ని నొక్కి పెట్టే ఉంచుతుంది. అంటే లోపలి రబ్బర్ రింగ్ సరిగ్గా కూర్చోకపోతే, లీక్‌ని పట్టుకోవాల్సిన సెన్సారే లీక్ అవుతుంది! బిగించాక సబ్బు నీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. కింద లాక్ నట్ తప్పకుండా వేయండి, అదే దొంగల నుంచి కూడా కొంత కాపాడుతుంది. కాకపోతే గాలి కొట్టించిన ప్రతిసారీ స్పానర్ తీయాలి. పంక్చర్ షాపాయన మొదట్లో విసుక్కున్నాడు, ఇప్పుడు అలవాటైంది. ఇంకోటి, సెన్సార్ బరువు పది గ్రాములే అయినా 40 స్పీడ్‌లో చిన్న చక్రం మీద అది దాదాపు 30 రెట్ల బలంతో బయటికి లాగుతుంది. వాల్వ్ పాతబడి ఉంటే ముందు ట్యూబ్ మార్చండి.

ప్రెషర్ ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందు చూసి సెట్ చేయాలి. వెనక టైర్‌కి మాన్యువల్ 40 పీఎస్ఐ చెప్పిందనుకోండి, అలారం 34 దగ్గర పెట్టండి. అమెరికా రూల్‌లో 25 శాతం తగ్గాక లైట్ వెలిగితే చాలు. జనంతో నడిచే ఆటోకి అంత లేట్ పనికిరాదు. మధ్యాహ్నం రీడింగ్ పెరిగితే కంగారుపడి గాలి తీయొద్దు. ప్రతి 10 డిగ్రీల వేడికి ఒకటిన్నర నుంచి రెండు పీఎస్ఐ పెరగడం మామూలే. స్క్రీన్ మీద కనిపించే టెంపరేచర్‌ని మాత్రం సీరియస్‌గా తీసుకోకండి. క్యాప్ సెన్సార్ ఉండేది టైర్ బయట, అది లోపలి వేడి చెప్పలేదు.

ఇక మైనస్. ఈ డిస్‌ప్లే బీప్‌ని ఏసీ వేసి అద్దాలు మూసుకున్న కారు కోసం చేశారు. ఇంజిన్ మోత, పాటలు, వెనక కబుర్ల మధ్య అది ఎవరికి వినిపిస్తుంది? హ్యాండిల్ దగ్గర, కళ్ళకి ఎదురుగా ఉండేలా అతికించాల్సి వచ్చింది.

అయినా పని చేసింది. పెట్టిన మూడో వారంలో బండి తీయకముందే వెనక కుడి టైర్ 31 చూపించింది. మళ్ళీ తుమ్మ ముల్లే. ఈసారి ఇంటి ముందే చక్రం విప్పి పంక్చర్ వేయించాడు. కూలీలు టైమ్‌కే చేలో ఉన్నారు.

సెన్సార్‌కి తెలియనిది

ఆ రోజు బాబాయ్ హ్యాపీగా, "ఇంక భయం లేదురా, గాలి అదే చూసుకుంటుందిగా, ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవచ్చు" అన్నాడు. నాకు గుండె జారింది.

ఎందుకంటే ప్రెషర్ సెన్సార్‌కి మనుషులు కనిపించరు. ఆటోలో ముగ్గురు కూర్చున్నా పది మంది కూర్చున్నా లోపలి గాలి ప్రెషర్ పెద్దగా మారదు, టైర్ కింద ఇంకాస్త చదునవుతుంది అంతే. స్క్రీన్ మీద నంబర్ పచ్చగానే ఉంటుంది, టైర్ మాత్రం లోపల చస్తూ ఉంటుంది. అరిగిన టైర్‌నీ, హఠాత్తుగా పేలే టైర్‌నీ కూడా ఇది ముందే చెప్పలేదు. ఇది పట్టుకునేది మెల్లగా దిగే గాలిని. బాబాయ్‌కి ఖాళీ ఆటోలోనూ నిండు ఆటోలోనూ అదే నంబర్ చూపించాకే నమ్మాడు. పూర్తిగా మారాడని చెప్పను, ఆ ఇద్దరినైతే ఎక్కించుకోలేదు.

కాబట్టి నా మాట ఇది. ఇంట్లో ఎవరికైనా ఆటో ఉంటే, మీ తర్వాతి ఇయర్‌బడ్స్ డబ్బులు ఈ కిట్‌కి పెట్టండి. గాలి సంగతి అది చూసుకుంటుంది, మనుషుల లెక్క మనమే చూసుకోవాలని కూడా చెప్పండి. ఇక గ్యాడ్జెట్ కంపెనీలకి: మూడు సెన్సార్లు, ఒక స్టెప్నీ స్లాట్, మోతలో వినిపించే బజర్, పెద్ద ఎర్ర లైట్. ఇంతే అడుగుతున్నాం. రోజూ ఊళ్ళని మోసే బండి కోసం ఇంకా కారు కిట్‌నే సర్దుకోవాలా? మీ ఇంట్లో ఆటో ఉండి ఇలాంటిది ట్రై చేసుంటే కామెంట్స్‌లో చెప్పండి.