సీసాకి ముసుగేసి చూడండి!

మొన్నామధ్య మా ఇంటికి భోజనానికొచ్చిన మావారి స్నేహితుడొకాయన, బల్లమీదున్న ఎర్ర వైను సీసాని అటూ ఇటూ తిప్పిచూసి, ధరెంతని అడిగి, 9 డాలర్లనగానే "వంటలో పోసుకోవడానికి పనికొస్తుందిలే, చెల్లెమ్మా!" అన్నారు. ఇంకా చుక్క నోట్లో పోసుకోలేదు సుమండీ! మావారి మొహం మాడిపోయింది. మర్నాడే వెళ్ళి 60 డాలర్లు పోసి ఒక సీసా కొనుక్కొచ్చారు.

ముక్కుమీద వేలేసుకోకండి. మేముండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ విందులో వైను పెట్టడం మామూలే. మిమ్మల్ని తాగమనడంలేదు. నా పేచీ వైనుతో కాదు, ధర విని రుచి చెప్పే పెద్దమనుషులతో.

పై శనివారం ఆయన దంపతుల్నీ, మరో రెండు జంటల్నీ పిలిచాను. 15 డాలర్లలోపు సీసాలు నాలుగు, మావారి 60 డాలర్లది ఒకటి. మా అమ్మాయి లోపల వాటికి కాగితం సంచులు తొడిగి, నంబర్లు వేసి తెచ్చింది. మార్కులు రాసేదాకా ఎవరూ మాట్లాడకూడదన్నాను. ఒకరు "ఆహా" అన్నారంటే మిగతా నాలుకలన్నీ అటే పోతాయి మరి!

ఆయనగారు "టానిన్" అన్నప్పుడల్లా మేం ఆడవాళ్ళం బెదిరిపోయేవాళ్ళం. తీరా చూస్తే అది నోటికి తెలిసేది మన వగరుగానే! నేరేడుపండు తిన్నాక నాలుకని పట్టేస్తుందే, అదే. ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ విడదీసి చెప్పగల మనకి దాన్ని ఇంకొకరు నేర్పాలా?

సంచులు విప్పాం. అందరికీ ఎక్కువ నచ్చింది 12 డాలర్ల స్పెయిన్ సీసా. నా 9 డాలర్లదానికి నేనే నాలుగో స్థానం ఇచ్చుకున్నాను, దాపరికమెందుకు? కానీ దానికి మొదటి మార్కు వేసినవారెవరో తెలుసా? మా అన్నయ్యగారే! 60 డాలర్లదాన్ని ఆఖర్న పడేశారు కూడాను.

ఆయన్నొక్కణ్ణీ ఆడిపోసుకోను. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచి నిపుణులే పేర్లు తెలియకుండా రుచి చూసి, తమ దేశపు గొప్ప గొప్ప సీసాల్ని కాదని కాలిఫోర్నియాలోని నాపా లోయ ఎర్ర వైనుకి మొదటి స్థానమిచ్చారు. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒకే వైనుని ఒకసారి 10 డాలర్లదనీ మరోసారి 90 డాలర్లదనీ చెప్పి ఇస్తే, 90 అన్నప్పుడే జనానికి ఎక్కువ నచ్చింది. మెదడుని యంత్రంలో చూస్తే అక్కడా ఆనందం పెరిగిందిట! అబద్ధమాడటంలేదు పాపం, వాళ్ళకి ధరే నిజంగా రుచిస్తోంది.

తెలిసినవాళ్ళు లేరనను. మాస్టర్ ఆఫ్ వైన్ అనే పరీక్షలో 36 రకాలు పేరు చెప్పకుండా ఇచ్చి ఇది ఏ ద్రాక్ష, ఏ ఊరిది అని అడుగుతారు. అది గట్టెక్కినవాళ్ళకి నా నమస్కారం. చూశారా, వాళ్ళనైనా ముసుగేసే పరీక్షిస్తారు! ధర విని తీర్పు చెప్పేవారికి మాత్రం మన బల్లదగ్గర ఎందుకమ్మా అంత పెద్దపీట? మన వంటా, మన డబ్బూ, మన నాలుకాను!

ఆ 60 డాలర్ల సీసాలో సగం మిగిలిపోయింది. మర్నాడు మా అమ్మాయి దాన్ని టమాటా గుజ్జులో పోసి ఉడికించింది. బాగానే కుదిరింది.