బండి పట్నంలో, చలానా ఊరిలో



మన పల్లెలలో మోటారు సైకిలు లేని ఇల్లు నేడు అరుదు. కుమారుడు చదువుకో పనికో హైదరాబాదు వెళ్లునప్పుడు ఇంటి బండి కూడ అతని వెంట వెళ్లుచున్నది. కాగితములలో పేరు తండ్రిది, నడుపువాడు కుమారుడు. ఒకనాడు పొలం గట్టు మీదనున్న తండ్రి ఫోనుకు సందేశము వచ్చును: ఫలానా కూడలిలో మీ బండి మీద జరిమానా పడినది, వెంటనే కట్టుడి అని. ఆ మనిషి ఆ కూడలిని కన్నెత్తి చూచినవాడు కాడు. కొందరు భయపడి సందేశములో చెప్పిన చోటనెల్లా వేలు నొక్కుదురు. కొందరు నాది కాదులే అని తుడిచివేయుదురు. రెండును నష్టమే. ఇట్టి సందేశములు చేతబట్టుకొని మా యొద్దకు వచ్చువారు పెరిగినందున ఈ నెల ఈ సంగతి వివరముగా వ్రాయుచున్నాము.

మొదట తెలిసికొనవలసినది ఒకటున్నది. పట్నంలో పోలీసువారు ప్రతి బండిని ఆపి చీటీ వ్రాయరు. కూడలిలో నిలిచి ఫోటో తీసికొందురు, లేదా స్తంభము మీది కెమెరా తీయును. నంబరు పలకను బట్టి రవాణా శాఖ లెక్కలలో ఎవరి పేరున్నదో వారి పేరున చలానా పుట్టును. నడిపినది ఎవరో ఆ ఫోటోకు తెలియదు. చట్టము దృష్టిలో యజమాని అనగా రిజిస్ట్రేషను పత్రములో, అనగా ఆర్‌.సి.లో, పేరున్నవాడే. కాబట్టి తండ్రి ఊరు కదలకపోయినను చలానా ఆయనను వెదకికొనుచు వచ్చును. ఫోను నంబరు మారి, ఆర్‌.సి.లో పాతదే ఉండిపోయినయెడల సందేశము కూడ అందదు. తనిఖీలో బండిని ఆపి నంబరు చూచిననాడు పాత బాకీ అంతయు ఒకేసారి బయటపడును.

కాబట్టి సందేశము కొరకు కనిపెట్టుకొని యుండక మనమే వెదకి చూచుట మంచిది. తెలంగాణ పోలీసువారి ఈ-చలానా సైటులో బండి నంబరు ఇచ్చి చూడవచ్చును. కేంద్ర రవాణా శాఖవారి పరివాహన్ సైటులోను ఈ-చలానా వివరములున్నవి. కొన్ని చోట్ల ఇంజిను నంబరులోనో ఛాసిస్ నంబరులోనో చివరి అంకెలు కూడ అడుగుదురు గనుక ఆర్‌.సి. దగ్గర పెట్టుకొనవలెను. ముఖ్యముగా, చలానా వ్రాసినది ఏ రాష్ట్రపు పోలీసులో చూడవలెను. గుంటూరు బండికి హైదరాబాదులో చలానా పడినయెడల దానిని తెలంగాణ పోలీసువారి సైటులోనే వెదకవలెను. ఒక చోట కనబడలేదని బాకీ లేదనుకొనరాదు. ఇదంతయు చేతకానివారు మీ సేవ కేంద్రమునకు వెళ్లి అడిగి, అక్కడనే కట్టి రసీదు తీసికొనవచ్చును.

చలానా కనబడగానే డబ్బు కట్టవద్దు. ముందుగా దానిలోని ఫోటోను తెరచి చూడుడి. తేది, గంట, స్థలము, తప్పు ఏమిటి, రుసుము ఎంత అన్నవి అందులోనే ఉండును. నంబరు పలక మీది అక్షరములు, అంకెలు ఒక్కొక్కటిగా సరిచూడుడి. బురద పట్టిన పలక మీద మూడు ఎనిమిదిగాను, ఒకటి ఏడుగాను కనబడవచ్చును. బండి రంగు, రకము మనదేనా? ఆ పూట మన బండి ఎక్కడ ఉన్నది? ఇంట్లోవారందరు కలిసి ఈ మాటలు తేల్చుకొనవలెను.

బండి మనదే, తప్పు మనదే అయినయెడల రుసుము కట్టి రసీదు దాచుకొనుడి. ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట చెప్పవలసియున్నది. ఫోటో చూడగానే కుమారుని మీద అరచినయెడల రెండవ చలానా సంగతి అతడు మీ దగ్గర దాచిపెట్టును. హెల్మెటు లేని ఫోటో నిజముగా చెప్పేది జరిమానా మాట కాదు, మన బిడ్డ తల ఆనాడు కాపుదల లేకుండ ఆ రోడ్డు మీద తిరిగినదని చెప్పుచున్నది. ఆ మాట నెమ్మదిగా చెప్పిన అతడు వినును. మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను ప్రకారము వెనుక కూర్చున్నవారికి కూడ హెల్మెటు ఉండవలెను. 2019లో సవరించిన చట్టములో దీనికి 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు చెల్లకుండుట అని యున్నది. అయితే అక్కడికక్కడ కట్టి తేల్చుకొను రుసుము ఎంతయో నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు ఉన్నందున, అది రాష్ట్రమును బట్టి మారుచుండును.

బండి మనది కానియెడల కట్టవద్దు. కట్టుట ఒప్పుకొనుటయే అగును. ఆర్‌.సి. నకలు, మన బండిని ముందు నుండి వెనుక నుండి తీసిన ఫోటోలు, ఆ రోజున బండి వేరొకచోట ఉన్నదనుటకు ఏదైన ఆధారము కూర్చుకొని, సైటులోని ఫిర్యాదు భాగములోనో ఆ ట్రాఫిక్ పోలీసు అధికారుల యొద్దనో విన్నవించుకొనుడి. అంకె తప్పుగా చదువబడినదైతే ఫోటోయే సాక్ష్యము. అయితే ఎవడో మన నంబరును తన బండికి తగిలించుకొని తిరుగుచున్నాడని తేలినయెడల ఊరకుండరాదు. పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి దాని నకలు ఉంచుకొనవలెను. నేడు వాడు సిగ్నలు దాటినాడు. రేపు మనిషిని గుద్ది పారిపోయినయెడల పోలీసువారు వచ్చేది మన గుమ్మమునకే.

ఏ చలానా అయినను డబ్బు కట్టి తేల్చుకొనవచ్చునని అనుకొనరాదు. త్రాగి నడిపిన కేసు కోర్టుకు వెళ్లవలసినదే. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని చట్టములో ఉన్నవి. పదునెనిమిది ఏండ్లు నిండని పిల్లవాడు నడిపి పట్టుబడినయెడల 199ఏ సెక్షను ప్రకారము సంరక్షకుడు గాని బండి యజమాని గాని మూడేండ్ల వరకు జైలుకు, 25,000 రూపాయల జరిమానాకు గురికావచ్చును. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువది అయిదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. పొరుగు ఊరి బడికే కదా అని తాళము చేతికిచ్చు తండ్రులు ఈ మాట గుర్తుంచుకొందురు గాక.

ఇక మోసగాండ్ర సంగతి. చలానా పేరు చెప్పి దొంగ సందేశములు విస్తారముగా వచ్చుచున్నవి. వాట్సాప్‌లో పోలీసు గుర్తు పెట్టి, ఏ.పి.కె. అను ఫైలు పంపి, నొక్కుమందురు. నొక్కి దానిని ఫోనులో ఎక్కించినయెడల బ్యాంకు నుండి వచ్చు ఓ.టి.పి. వారి చేతికి పోవును. వంద రూపాయల జరిమానాకు భయపడి, పంట అమ్మి దాచుకొన్న సొమ్మంతయు పోగొట్టుకొనుట ఎంత దుఃఖము! చలానా చూపుటకు పోలీసువారు ఫోనులో ఏ ఫైలును ఎక్కించమని కోరరు. సందేశములోని లింకును నొక్కక, మనమే ప్రభుత్వ సైటు తెరచి నంబరు కొట్టి చూచుకొనవలెను. ప్రభుత్వ సైటు పేరు చివర జి.ఓ.వి., చుక్క, ఐ.ఎన్. అని యుండును. ఒకవేళ డబ్బు పోయినయెడల సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి. ఎంత త్వరగా చెప్పిన, సొమ్మును ఆపుటకు అంత అవకాశమున్నది.

కొందరు రాయితీ కొరకు కాచుకొని కూర్చుందురు. 2022 మార్చిలో తెలంగాణలో పాత చలానాల మీద ద్విచక్ర వాహనములకు 75 శాతము తగ్గించిరి. 2023 డిసెంబరు చివర మరల 80 శాతము తగ్గించిరి. నిజమే. అయితే ఇంకొకసారి వచ్చునని ఎవరును మాట ఇవ్వలేదు. కాచుకొన్న కాలములో ఒకటి అయిదై, అయిదు పదునైదై, చివరకు బండి వెలకు సరితూగు ఇళ్లున్నవి. నంబరు పలకను వంచి, అంకె మీద గుడ్డ కట్టి తిరుగు యౌవనులు మరింత ప్రమాదములో పడుచున్నారు. అట్టివారి మీద మోసము కేసులు పెట్టిన సందర్భములున్నవి.

అన్నిటికంటె మన పల్లెలలో ఎక్కువగా కనబడు పొరపాటు, బండి అమ్మి పేరు మార్చకుండుట. డబ్బు చేతికి రాగానే తాళము, ఆర్‌.సి. ఇచ్చివేయుదురు. కొన్నవాడు తెలిసినవాడే కదా అందురు. ఆ తెలిసినవాడు ఇంకొకనికి అమ్మును. 50వ సెక్షను ప్రకారము అదే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెను, కొన్నవాడు 30 దినములలో తెలియజేయవలెను. ఇందుకు ఫారము 29, ఫారము 30 ఉన్నవి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, చేతులు మారిన ఒక కారు చేసిన ప్రమాదములో, ఎందరికి అమ్మినను పత్రములో పేరున్నవాడే యజమాని అని తీర్పు చెప్పినది. జరిమానా వందలతో పోవును. ప్రమాద నష్టపరిహారము లక్షలలో ఉండును, అది కట్టుటకు పొలము అమ్ముకొనవలసి రావచ్చును.

ఇంటి పెద్ద చనిపోయి, బండి ఆయన పేరుననే ఉండిపోయిన గృహములు కూడ కలవు. మరణించినవారి పేరున చలానా వచ్చినప్పుడు ఆ భార్య హృదయము ఎంతగా నొచ్చుకొనును! బండిని ఉంచుకొనువారు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేసి, మూడు నెలలలో ఫారము 31 మీద పేరు మార్పించుకొనవలెను. ఆలస్యమైన ఇండ్లవారు ఇప్పుడైనను ఆ పని మొదలుపెట్టుడి.

ఈ పత్రిక చదివి ముగించిన తరువాత ఆర్‌.సి. బయటకు తీసి దీపము దగ్గర చూడుడి. అందులో పేరు ఎవరిది? రవాణా శాఖ లెక్కలో ఫోను నంబరు నేటిదేనా? మునుపు అమ్మిన బండి ఇంకను మన పేరున తిరుగుచున్నదా? పట్నంలోనున్న కుమారునికి ఫోను చేసి, బండి నంబరు కొట్టి చూడుమని ప్రేమతో చెప్పుడి. హెల్మెటు తలమీద ఉన్నదా అని కూడ అడుగుడి.